జుల్మానా వేరు, హర్జానా వేరు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే వాళ్ళమే గాని వకీళ్ళం కాము. అయినా మా క్లాసు పిల్లవాడి కోసం ఒకసారి కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఆ పిల్లవాడి తండ్రిని కొట్టి చెయ్యి విరగ్గొట్టారు. తోపుడు బండి మూలపడింది. కొన్నేళ్ళకు తీర్పు వచ్చింది. కొట్టినవాడికి జైలు, పైన జుల్మానా. "మాస్టర్ సాబ్, ఆ డబ్బు మాకిస్తారా?" అని తల్లి అడిగింది. "ఇవ్వరమ్మా, అది సర్కారుకు పోతుంది" అన్నాము. తెలిసీ తెలియక చెప్పిన మాట అది.

ఉర్దూలో రెండు మాటలున్నాయి. జుర్మానా అంటే నేరానికి శిక్షగా కట్టేది. తెలుగులో జుల్మానా అంటున్నది దాన్నే. హర్జానా అంటే నష్టపోయినవాడికి ఇచ్చే పరిహారం. ఈ రెంటినీ కలిపే దారి చట్టంలో ఉన్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో అది 357వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 395వ సెక్షను. జుల్మానాలో కొంతగాని, మొత్తంగాని బాధితుడికి ఇప్పించవచ్చు. జుల్మానా వేయని కేసులో కూడా నేరస్థుడి చేత పరిహారం కట్టించవచ్చు. పై కోర్టు సైతం అప్పీలులో ఇప్పించవచ్చు.

1988లో హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని ధారాళంగా వాడండని కింది కోర్టులకు చెప్పింది. దెబ్బలకు మాట పడిపోయిన బాధితుడికి 50,000 రూపాయలు ఇప్పించింది. పరిహారం కట్టేవాడి తాహతు కూడా చూడాలని, వాయిదాల మీద కట్టించవచ్చునని అన్నది. 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో, కోర్టు పరిహారం సంగతి ఆలోచించి తీరాలని, ఇచ్చినా ఇవ్వకున్నా కారణం రాయాలని తేల్చింది.

నేరస్థుడే గతిలేనివాడైతే? పరిహారం చాలదని తోస్తే కోర్టు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు సిఫారసు చేయవచ్చు. నేరం చేసినవాడు దొరకకపోతే బాధితులే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీనికి ఇప్పుడు 396వ సెక్షను.

ఇక మన సంగతి. జుల్మానా కట్టకపోతే ఇంకొన్నాళ్ళు లోపలే ఉంటాడని ఏడ్చిన ఇంటికి మనం చందాలు వేసి కట్టాము. మంచి పనే. కాని అతని చేతి దెబ్బ తిన్న ఇంటికి మనలో ఎవరం పోయాము?

అప్పీలు సంగతి తెలిశాక మేము ఆ తల్లి దగ్గరకు మళ్ళీ పోయి, మేము చెప్పింది తప్పని ఒప్పుకొని, ఆస్పత్రి రసీదులు అడిగాము. "ఇల్లు మారినప్పుడు పారేశాం సాబ్, ఎందుకు పనికొస్తాయని" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

కాబట్టి మా మనవి ఒక్కటే. దెబ్బ తిన్న ఇంటికి మొదటి వారంలోనే మన సంఘం మనిషి పోవాలి. మందుల చీటీలు, రసీదులు, పోయిన కూలి లెక్క ఒక సంచిలో పెట్టించాలి. తీర్పుకు ముందే వాటిని సర్కారు వకీలుకు అందించాలి. అడిగే నోరు లేనివారికి మనం నోరు కావాలి.

సెలవు.