అసలు రిజిస్టరు తెరిచి చూసినట్లు

(ప్రొద్దుటూరులో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన చోట డి.ఎన్.ఏ. గురించి మాట్లాడుతున్నాడేమిటని నవ్వుకోకండి. నేను డాక్టరును కాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకా కచేరీలలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ పాఠం నాకు నేర్పింది మా మనవడి జబ్బు.

మా అమ్మాయిని మా అక్క కొడుక్కే ఇచ్చాము. ఆస్తి బయటికి పోదు, పిల్ల కళ్ళముందే ఉంటుందని పట్టుబట్టింది నేనే. వాళ్ళ రెండవ సంతానానికి ఏడాది నిండకముందే తలసీమియా అని తేలింది. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉన్నది. పైకి ఇద్దరూ ఆరోగ్యవంతులే. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అప్పటినుండి మూడు వారాలకొకసారి వాడికి రక్తం ఎక్కించవలసిందే.

వాడి తొమ్మిదవ ఏట ఒకనాడు తెచ్చిన రక్తం సరిపడలేదన్నారు. "గ్రూపు అదే కదండీ!" అని నేను వాదించాను. డాక్టరు ఓపికగా చెప్పినాడు. "పెద్దాయనా, మనం చూసేది ఎ, బి, ఓ, ఆర్‌హెచ్ మాత్రమే. గ్రూపుల పద్ధతులు 40కి పైగా ఉన్నాయి. మాటిమాటికీ పరాయి రక్తం ఎక్కితే ఒంట్లో దానికి విరుగుడు పదార్థాలు పుడతాయి."

సరే, వాడి చిన్న గ్రూపులన్నీ ఇప్పుడు చూడండి అంటే, వాడి ఒంట్లో దాతల ఎర్రకణాలు కలిసిపోయి ఉన్నాయి, మామూలు పరీక్షకు ఎవరివి ఎవరివో తెలియవు. అప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష చేయించారు. ముదిరిన ఎర్రకణాలలో డి.ఎన్.ఏ. ఉండదు. కనుక దాతల ఎర్రకణాలు ఆ పరీక్షను తప్పుదారి పట్టించలేవు. బిడ్డ జన్యువులనే చదివి వాడి గ్రూపులు చెప్పినారు. ఆ ప్రకారం రక్తం వెతికి ఎక్కించారు.

మన భాషలో చెబుతాను. 1900-01లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ కనిపెట్టిన పద్ధతి, రక్తం గడ్డకట్టినట్లు ముద్దలవుతుందా లేదా చూసి గ్రూపు చెప్పడం. అది నకలు చూసి ఆసామీ ఎవరో తేల్చడం వంటిది. డి.ఎన్.ఏ. అక్షరాలను వరుసగా చదవడం రికార్డు రూములో అసలు రిజిస్టరు తెరిచి చూడడం. ఓ గ్రూపు వారిలో ఎక్కువమందికి ఆ గ్రూపు వచ్చింది, ఎ గ్రూపు జన్యువులో ఒకే ఒక అక్షరం జారిపోయినందువల్ల. సర్వే నంబరులో ఒక అంకె పోతే ఏమవుతుందో మనకు తెలియనిదా!

ఈ జబ్బును మూలంలో నయం చేసే మార్గాలలో ఒకటి ఎముకమూలుగ మార్పిడి. దానికి రక్తం గ్రూపు చాలదు, హెచ్.ఎల్.ఎ. అనే కణజాల గుర్తులు కలవాలి. వీటిలో మొదటిదాన్ని 1958లో ఫ్రాన్సులో జాన్ దోసే గుర్తించాడు. 1980లో నోబెల్ బహుమతి పొందాడు. అప్పట్లో గుర్తులు కొన్నే. జన్యువులను చదవడం వచ్చాక ఇప్పటికి 40,000కు పైగా రకాలు లెక్కకు వచ్చాయి. బిడ్డకు తల్లినుండి ఒక సగం, తండ్రినుండి ఒక సగం వస్తుంది. కనుక తోబుట్టువులతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. మా మనవరాలిది సగమే కలిసింది. తానేదో తప్పు చేసినట్లు ఆ పిల్ల ఏడ్చింది. మేనరికపు కుటుంబాలలో తల్లిదండ్రులలోనో దగ్గరి బంధువులలోనో సరిపోయేవారు దొరికే అవకాశం కొంత ఎక్కువట. అందరికీ పరీక్షలు చేయించాము, దొరకలేదు. ఇప్పుడు బయటి దాతల జాబితాలో వెతుకుతున్నారు. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి అటువంటిదే.

మా అమ్మాయి ఒక్కనాడూ నన్ను తప్పుపట్టలేదు. ఒకసారి మాత్రం, "పెండ్లికి ముందు ఒక్క పరీక్ష ఉంటే బాగుండేది నాయనా" అన్నది. అదే నాకు నిద్ర పట్టనివ్వదు.

అందుకని మూడు మనవులు. సంబంధం మేనరికమైనా బయటిదైనా, జాతకంతోబాటు తలసీమియా తెలిపే హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి. రెండు, మన వయసు దాటిపోయింది గాని, 18 నుండి 50 ఏండ్ల లోపు మన పిల్లలను దాతల జాబితాలో చేర్పించండి. పేరు నమోదుకు బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. తరువాత ఎవరికైనా సరిపోతే, చాలాసార్లు చేతి నరంనుండే మూలకణాలు తీసుకుంటారు. మూడు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో తలసీమియాను చేర్చారు. అటువంటి బిడ్డలున్న ఇళ్ళవారు సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టుకోండి. కాగితాల పని తెలియకపోతే నా దగ్గరికి రండి. అది మాత్రం నాకు బాగా వచ్చు.