నల్లగొండ నీళ్లు, కణం పొర

 

పట్టాలు పుచ్చుకుంటున్న యువ డాక్టర్లారా, మొదటి ఏడాది ఫిజియాలజీలో మీరు చదివిన తొలి పాఠాల్లో కణం పొర ఒకటి. ఏ పదార్థం దాన్ని దాటగలదు, ఏది దాటలేదు, ఒక కణం మరో కణానికి సమాచారం ఎలా పంపుతుంది. పరీక్ష గట్టెక్కాక ఆ పాఠాన్ని చాలామంది మరిచిపోతారు. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లిలో చదివినవాళ్లకు మాత్రం ఆ వీలు లేదు. ఇక్కడినుంచి మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు వెళ్లండి. ఆ పాఠమంతా మనుషుల పళ్ల మీద, కీళ్లలో, వెన్నులో కనిపిస్తుంది.

ఓపీకి వచ్చే ముసలి రైతును ఒకసారి తలచుకోండి. గడ్డం ఛాతీకి ఆనించమని అడగండి. మెడ వంగదు. నడుం దగ్గర్నుంచి మనిషంతా ముందుకు వాలుతాడు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనండి. చెవుల దాకా వచ్చి ఆగిపోతాయి. మోకాలు వంచకుండా నేల అందుకోమంటే నవ్వి ఊరుకుంటాడు. ఈ మూడు పరీక్షలకు పరికరాలు అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. ఎక్స్‌రేకు పంపే ముందే జబ్బు ఏమిటో మీకు సగం తెలిసిపోతుంది. "చిన్నప్పటి సంది బోరు నీళ్లే తాగినం సార్" అని ఆయన అన్నాక మిగతా సగం తెలుస్తుంది.

మన ప్రాంతపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. భూగర్భజలంలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ రాయిని వదిలి నీటిలో కరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఊళ్లలో ఎన్నో బావులు, బోర్లు ఆ హద్దును దాటాయి. దేశంలో దీనివల్ల వచ్చే జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్, ఆయన సహచరులు మొదట వివరించారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో ప్రపంచం ముందు పెట్టారు.

ఇప్పుడు పొర దగ్గరికి వద్దాం. ఫ్లోరైడ్ అయాన్‌కు ఋణావేశం ఉంది. ఆవేశం ఉన్న అయాన్‌ను కొవ్వు పొర ఇట్టే రానివ్వదు. మరి అది శరీరంలోకి ఎలా చేరింది? జీర్ణాశయంలోని ఆమ్లం వల్ల. ఆమ్లంలో ఫ్లోరైడ్ ఒక ప్రోటాన్‌ను తీసుకుని హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. పీహెచ్ సుమారు 3.4 దగ్గర సగం అలా మారుతుంది, జీర్ణాశయపు ఆమ్లతలో దాదాపు అంతా మారుతుంది. ఆవేశం లేని ఆ చిన్న అణువు అయాన్ కన్నా లక్షల రెట్లు సులువుగా పొరను దాటుతుంది. అవతల రక్తం కొంచెం క్షారం. అక్కడ ప్రోటాన్‌ను వదిలేసి మళ్లీ అయాన్ అవుతుంది. ఇక వచ్చిన దారిన తిరిగి వెళ్లలేదు. దీనికి పంపు లేదు, ఏటీపీ ఖర్చు లేదు. పీహెచ్ తేడా ఒక్కటే పని నడిపిస్తుంది.

ఇదే సూత్రం మూత్రపిండంలోనూ ఉంది. మూత్రం ఆమ్లంగా ఉంటే ఫ్లోరైడ్ మళ్లీ హైడ్రోజన్ ఫ్లోరైడై నాళికల గోడ దాటి రక్తంలోకి తిరిగి వస్తుంది. క్షారంగా ఉంటే అయాన్‌గానే మిగిలి బయటికి పోతుంది. ఆకుకూరలు, కూరగాయలు ఎక్కువ తినమని మీరిచ్చే సలహా వెనక ఈ రసాయనం ఉందని గుర్తుపెట్టుకోండి. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు తినమనడం వెనకా ఇలాంటిదే ఉంది. పేగులో ఫ్లోరైడ్‌ను కాల్షియం పట్టుకుంటే అది కరగని లవణమై మలంతో పోతుంది. పేదరికంతో కాల్షియం అందని ఇంట్లో ఆ ఆసరా కూడా లేదు. అందుకే ఒకే నీళ్లు తాగిన రెండు కుటుంబాల్లో ఒక ఇంటి పిల్లల కాళ్లే ఎక్కువ వంగుతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ నిలిచిపోతుంది.

రక్తంలో చేరిన ఫ్లోరైడ్‌లో పెద్దవాళ్లలో దాదాపు సగం ఎముకలకు పోతుంది, పిల్లల్లో అంతకన్నా ఎక్కువ. శరీరంలో నిలిచిన ఫ్లోరైడ్‌లో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. అక్కడ అది కూర్చున్నంత మాత్రాన కథ ముగియదు. కణాల మధ్య మాటలు మొదలవుతాయి. తిండిలో కాల్షియం చాలక రక్తంలో అది తగ్గితే, ఆ సంగతిని పారాథైరాయిడ్ కణాల పొర మీది రిసెప్టర్ గమనిస్తుంది. ఆ గ్రంథి హార్మోన్ వదులుతుంది. కాల్షియం కోసం ఎముకను తవ్వమనే కబురు అది. ఒకవైపు ఫ్లోరైడ్ ప్రభావంతో కొత్త ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతుంది, స్నాయువులు గట్టిపడతాయి. మరోవైపు తిండి చాలని పిల్లల్లో ఎముక మెత్తబడుతుంది.

ఇక్కడ మీకు ఒక విశేషం చెప్పాలి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. హార్మోన్ల కబురును కణం లోపలికి చేరవేసే జీ ప్రోటీన్లను కనుక్కోవడంలో ఫ్లోరైడ్‌కు పెద్ద పాత్ర ఉంది. హార్మోన్ లేకుండానే ఫ్లోరైడ్ ఆ కబురు అందుకునే ఎంజైమ్ వ్యవస్థను పని చేయిస్తుందని సదర్లాండ్, రాల్ 1950ల చివర్లోనే చూశారు. ఎందుకో తెలియలేదు. 1982లో స్టెర్న్‌వైస్, గిల్మన్ అసలు సంగతి తేల్చారు. ఫ్లోరైడ్ ఒక్కటే చాలదు, అల్యూమినియం తోడు కావాలి. ప్రయోగశాలలో వాడే గాజు నాళికల నుంచే ఆ అల్యూమినియం కరిగి వస్తోంది! అల్యూమినియం, ఫ్లోరైడ్ కలిసిన సమ్మేళనం జీ ప్రోటీన్‌లో జీడీపీ అణువు పక్కన, మూడో ఫాస్ఫేట్ ఉండాల్సిన చోట కూర్చుంటుంది. ఇంటాయన గొంతుతో పిలిచి దొంగ తలుపు తీయించినట్టు, రాని హార్మోన్ వచ్చిందని కణాన్ని నమ్మిస్తుంది. జీ ప్రోటీన్ల పరిశోధనకు గిల్మన్, రాడ్‌బెల్ 1994లో నోబెల్ అందుకున్నారు. మన పల్లెల ఎముకల్లో జరిగేదంతా ఇదేనని నేను అనడం లేదు. ఎముక కణాల్లో ఇంకా అనేక మార్గాలున్నాయి. కానీ మన నీటిలోని మూలకమే కణాల భాషను ప్రపంచానికి నేర్పిన సాధనాల్లో ఒకటైందని ఇక్కడ చదివిన మీకు తెలియాలి.

అల్యూమినియానికి ఫ్లోరైడ్ మీద ఉన్న ఆ పట్టునే మనవాళ్లు మంచికి వాడారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీటిని మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. తెల్లటి మడ్డి అడుగున పేరుకుంటుంది. అడుగుకు కొంచెం పైన అమర్చిన కొళాయి తిప్పితే ఆ మడ్డి కదలకుండా తేటనీరు వస్తుంది. దీన్ని మోతాదు తప్పకుండా రోజూ ఇంట్లో చేయడం కష్టమే. అయినా కరెంటు లేని ఇంట్లోనూ చేయగలిగిన పద్ధతి ఇది. మన జిల్లా పేరుతో ప్రపంచం గుర్తుపెట్టుకున్నది జబ్బును ఒక్కదాన్నే కాదు, దాన్ని ఆపే ఉపాయాన్ని కూడా.

పొరను అర్థం చేసుకుంటే ప్రాణాలు ఎలా నిలుస్తాయో చెప్పే మరో ఉదాహరణ ఓఆర్‌ఎస్. పేగు కణం సోడియంను, గ్లూకోజ్‌ను కలిపి లోపలికి తీసుకుంటుందని క్రేన్ 1960లో చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న బన్‌గావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటితో కలరా మరణాలను నూటికి నాలుగు లోపుకు తెచ్చారు. సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు ఆయన చేతిలో మిగిలింది ఆ సూత్రమే. ఆ సోడియంను మళ్లీ బయటికి నెట్టే కణాల పంపులకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. విశ్రాంతిలో శరీరం ఖర్చు పెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతు సోడియం, పొటాషియం పంపు ఒక్కటే తీసుకుంటుంది.

ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఊళ్లలో నల్లాల దాకా వచ్చాయి. ఇది ఈ జిల్లాకు దక్కిన పెద్ద మేలు. నీళ్లు మారితే రక్తంలో, మూత్రంలో ఫ్లోరైడ్ త్వరగానే తగ్గుతుంది. ఎముకలో చేరింది మాత్రం ఏళ్ల తరబడి మెల్లగా వదులుతుంది. వంగిన వెన్ను తిరిగి నిలబడదు. పళ్ల మచ్చలు పోవు. పాత రోగులు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇంట్లో నల్లా ఉన్నా పొలం దగ్గర దాహమేస్తే బోరు నీళ్లే తాగుతున్నవాళ్లూ ఉన్నారు. కొత్త కేసులు లేవనుకుని అడగడం మానేస్తే వీళ్లంతా మన లెక్కలోకి రారు.

కాబట్టి డాక్టర్లుగా మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. మీరు ఏ ఊళ్లో, ఏ విభాగంలో పనిచేసినా కేస్‌షీట్‌లో ఒక వరుస చేర్చండి. తాగే నీళ్లు ఎక్కడివి, ఎన్నేండ్ల నుంచి, పొలం కాడ ఏం తాగుతున్నరు. మోకాళ్ల నొప్పి అని వచ్చిన ప్రతి మనిషిని ఈ మూడు మాటలూ అడగండి, జవాబు రాసిపెట్టండి. అనుమానం ఉంటే నీటి నమూనా పరీక్షకు పంపండి. ఫలితం ఆ ఊరి సర్పంచ్‌కు, ఆశా కార్యకర్తకు మీరే స్వయంగా చెప్పండి.