ఫిజీ దీవులలో తెలుగు



పసిఫిక్ మహాసముద్రమందలి ఫిజీ దీవులకు 1903 మొదలు 1916 వరకు మద్రాసు రేవునుండి ఒడంబడిక కూలీలుగా వెళ్లినవారిలో ఆంధ్రులును పెక్కండ్రు గలరు. చెరకుతోటలలో పలువురి మాటల కలయికవలన ఏర్పడిన ఫిజీ హిందీయే వారికిని వ్యవహారభాష అయ్యెను. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘము వెలసి, పాఠశాలలను నడపెను. అయినను తరతరమునకు ఇండ్లలో తెలుగు సన్నగిల్లెను.

ఫిజీ పాలనలోనే యున్న రోటుమా దీవివారికి సొంత గడ్డయు, సొంత భాషయు గలవు. వారిలోను అధికసంఖ్యాకులు నేడు దీవి వెలుపలనే నివసించుచున్నారు. కావున ఆ భాషకును ఇదే గండము.

ఫిజీ ఆంధ్రులకు నడుమ సముద్రము అడ్డు. ఢిల్లీలోని మనకు రైలెక్కినచో స్వగ్రామము. బడి అక్షరములు నేర్పగలదు. భాషను నిలుపునది ఇల్లు. బదిలీలతో మన పిల్లల బడులు మారవచ్చును. వారిని అన్నమునకు పిలుచు మాట మారకుండ చూచుట మాత్రము మన చేతిలోని పని.