నా పాస్‌పోర్టు, మా అమ్మ పాస్‌పోర్టు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరీస్‌లో రెండేళ్ళు చదువుకుని వచ్చాను కాబట్టి అక్కడి అనుభవాలు చెప్పమన్నారు. క్లాసులో నేర్చుకున్నది పరీక్షలకు పనికొచ్చింది. నేను చెప్పదలచుకున్నది క్లాసు బయట నేర్చుకున్న సంగతి.

నన్ను చదివించింది మా అమ్మ కువైట్ జీతం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళిన వేలాది ఆడవాళ్ళలో ఆమె ఒకతె. దిగిన రోజే ఆమె పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలోకి పోయింది. మూడేళ్ళదాకా దాన్ని మళ్ళీ చూడలేదు. "ఎందుకిచ్చావమ్మా?" అని చదువుకున్న పొగరుతో ఎన్నోసార్లు అడిగాను. "అడిగితే కదే ఇవ్వడానికి! తీసేసుకున్నారు" అనేది.

బ్యూనస్ ఎయిరీస్‌లో నాకొక పాత మేడలో గది దొరికింది. అడ్వాన్సు సగమే కట్టగలిగాను. మిగతాది ఇచ్చేదాకా ఉంచుతానని ఇంటాయన నా పాస్‌పోర్టు తీసుకున్నాడు. మొత్తం కట్టాక కూడా రేపు, ఎల్లుండి అని తిప్పాడు. ఇంగ్లీషులో అడిగితే నవ్వేవాడు. ఇంత చదివీ ఆ గుమ్మంలో నోరులేనిదాన్నయ్యాను. అమ్మ మాట అప్పుడర్థమయింది.

పక్క గదిలో పరాగ్వే నుంచి వచ్చిన ఒకామె ఉండేది. యాభై దాటిన మనిషి, నాలుగిళ్ళలో పని. ఆమె సొంత భాష గ్వారనీ. వంటగదిలో కూర్చోబెట్టి నాకొక వాక్యం నేర్పింది: "ఎస్ మీయో". అంటే "ఇది నాది". మర్నాడు నా పక్కన వచ్చి నిలబడింది. ఆ మాట నేను మూడుసార్లన్నాను. ఇవ్వకపోతే పోలీసు స్టేషనుకి పోదామని ఆమె అంది. ఇచ్చాడు.

అంత ధైర్యం ఎక్కడిదని అడిగితే ఆమె చట్టం సంగతి చెప్పింది. అక్కడ 1956 నాటి ఉత్తర్వు రోజుకు 4 గంటలకన్నా, వారానికి 4 రోజులకన్నా తక్కువ పనిచేసేవాళ్ళను లెక్కలోకే తీసుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి చేసేవాళ్ళకు ఏ హక్కూ లేదు. 2013లో వచ్చిన 26,844 నంబరు చట్టం ఒక్క గంట పనిచేసినా కార్మికురాలే అంది. వారానికి 48 గంటల పరిమితి, జీతంతో సెలవులు, ప్రసూతి సెలవు ఇచ్చింది. 16 ఏళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోకూడదంది.

అంతమాత్రాన అంతా బాగుపడిందనుకోకండి. ఎక్కువమంది పేర్లు ఇప్పటికీ రిజిస్టరు కాలేదు. మనకు "మీరు", "నువ్వు" ఉన్నట్టే అక్కడ "ఉస్తేద్", "వోస్" ఉన్నాయి. ఆమె ఇంటావిడను "ఉస్తేద్" అనేది, చిన్నదైన ఆ ఇంటావిడ ఈమెను "వోస్" అనేది. యాభై ఏళ్ళ మనిషిని "పిల్ల" అని పిలిచేవాళ్ళు. ఇది మనకు తెలియనిదా? మన ఇళ్ళలో "పనిపిల్ల" వయసెంతో ఎవరైనా అడిగారా?

ఇంటిపనివాళ్ళ హక్కుల కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక చేసింది. మన దేశం అనుకూలంగా ఓటు వేసింది గానీ ఆమోదించలేదు. అర్జెంటీనా 2014లో ఆమోదించింది. దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మనకింకా లేదు. దాన్ని పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. పనివాళ్ళ గొంతు ప్రభుత్వం దాకా వెళ్ళేలా చూడాల్సింది మనమే.

కువైట్‌లో 2015 చట్టం రోజుకు 12 గంటలకు మించి పని వద్దంది, వారానికొక సెలవు ఇమ్మంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదంది. అయినా లాక్కోవడం ఆగలేదు. అమ్మ పనిచేసిన రోజుల్లో ఆ చట్టం కూడా లేదు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళలో అది ఉందని ఎంతమందికి తెలుసు? ప్రయాణానికి ముందే వాళ్ళను కలుద్దాం. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో పెట్టిద్దాం. రాయబార కార్యాలయం ఫోను నంబరు కంఠతా పట్టిద్దాం. జీతం, సెలవు, పాస్‌పోర్టు అనే మాటలు, "ఇది నాది" అనే వాక్యం అరబిక్‌లో నేర్పిద్దాం.

తిరిగొచ్చాక అమ్మకు ఈ కథంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "మాకెవరూ నేర్పలేదే" అంది.

ఆ మాటకు జవాబు చెప్పాల్సింది ఇక్కడ కూర్చున్న మనమే.