వేసవి వంట - గృహస్థ ధర్మము



వసంత నవరాత్రములలో రామకథ చెప్పుకొనుట మన సంప్రదాయము. నేడు కథను కొంచెము ప్రక్కనుంచి, ఆ స్వామికి మనము సమర్పించు నైవేద్యమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. వంటయింటి మాట సభలో ఏల యని అనుకొనవద్దు. గృహస్థునకు వంటయిల్లే యాగశాల. దేవతలకు, భూతములకు, అతిథులకు ఇవ్వవలసిన అన్నము అక్కడినుండియే రావలెను గదా.

శ్రీరామనవమినాటి నైవేద్యము ఏమి? పానకము, వడపప్పు, చలిమిడి. బెల్లమును నీటిలో కరగించి మిరియాలపొడి, ఏలకులపొడి చేర్చినచో పానకము. పెసరపప్పును నానబోసి నీరు వార్చినచో వడపప్పు. తడి బియ్యపుపిండిలో బెల్లపు తురుము కలిపి ముద్ద చేసినచో పచ్చి చలిమిడి. మూడింటిలో ఒక్కదానికైనను పొయ్యి వెలిగింప పనిలేదు. అంతకు ఎనిమిది దినములు ముందు వచ్చిన ఉగాది పచ్చడియు అట్టిదే. వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లము, మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారము కలుపుకొనుటయే. ఎండలు ముదురుచున్న వేళ రెండు పండుగలకును నిప్పు తగులని ప్రసాదములు ఏర్పడుట కేవలము కాకతాళీయమని నాకు తోచదు.

ఇందులో వైద్యమర్మమును ఉన్నది. చలికాలమున దేహములో చేరిన కఫము వసంతమున సూర్యతాపమునకు కరగి జఠరాగ్నిని మందగింపజేయునని చరకసంహిత సూత్రస్థానము 6వ అధ్యాయమున ఉన్నది. కనుక ఈ ఋతువున బరువైనవి, పులుపు, తీపి, నూనె వస్తువులు తగ్గింపుమని విధి. మరి పానకము తీపి గదా యందురు. అందుకే అందులో మిరియము పడినదని నా ఊహ. చైత్రము వేసవివలె తోచినను ఇంకను వసంతమే. గ్రీష్మము వచ్చిన పిదప విధి మారును. చల్లనివి, ద్రవములు, తీయనివి అప్పుడు హితము. పగటి నిద్రను వసంతమున వలదనిన చరకుడు గ్రీష్మమున అనుమతించెను. ఈ మాట కొందరికి మిక్కిలి ప్రీతి కలిగించునని ఎరుగుదును!

నిత్యభోజనమును అట్లే తేలిక చేసికొనవచ్చును. ఒకనాడు మామిడికాయ పప్పు, మరియొకనాడు పెసరకట్టు. బీర, సొర, పొట్ల వంటి నీటి కూరలలో ఏదో ఒకటి. పలుచని మజ్జిగ. రాత్రి అన్నములో పాలు పోసి తోడుపెట్టి ఉదయము పిల్లలకు పెట్టుటకు కొందరు శంకింతురు. పులిసినవానిని నిషేధించిన మనువే పెరుగును, పెరుగుతో చేసినవానిని మినహాయించినాడు. శంక అక్కరలేదు.

ఇక అసలు మాట. వేసవి సెలవులకు ఇంటికి మనుమలు, మనుమరాండ్రు వత్తురు. ఇల్లు కళకళలాడును. అదే సమయమున ఇల్లాలు తెల్లవారినది మొదలు రెండు గంటలవరకు పొయ్యియొద్దనే నిలిచియుండును. మరల నాలుగు గంటలకు బజ్జీలు కావలెనందురు. కట్టెలు పోయి గ్యాసు వచ్చినను సెగ సెగయే. అందరును తిని లేచిన పిమ్మట చల్లారిన అన్నము, అడుగంటిన కూరతో ఆమె ఒంటరిగా కూర్చుండును. ఇది ఆచారమని, శాస్త్రమని చెప్పువారున్నారు. శాస్త్రమేమి చెప్పినదో చూతము.

మనుస్మృతి తృతీయాధ్యాయమున భోజనక్రమము విధింపబడినది. క్రొత్త కోడండ్రకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటెను ముందుగా, విచారింపకయే పెట్టవలెనట. అతిథులు, బంధువులు, ఇంట పనిచేయువారును తినిన తరువాత మిగిలినదానిని తినవలసినది ఎవరు? అక్కడ ఉన్న పదము ‘దంపతీ’ యని. ద్వివచనము. క్రియయు ద్వివచనమే. బాల్యమున శబ్దమంజరి వల్లెవేయుచు, తెలుగున లేని ఈ ద్వివచనము మనకేల యని మేము విసుగుకొనెడివారము. దాని ప్రయోజనము ఇట్టిచోట తెలియును. చివర తినవలసినది భార్య ఒక్కతె కాదు, భార్యాభర్తలిరువురును. ముందుగా భుజించి పడకకుర్చీలో వాలిన యజమాని, ఆమె చివర తినుటను శాస్త్రమనుట శాస్త్రమునకే అపచారము. తనకొరకే వండుకొనువాడు పాపమును భుజించుచున్నాడని గీత తృతీయాధ్యాయమున భగవానుడనెను. వండిన ఆమె తినినదా లేదా యని చూడక తినువానికి ఆ మాట వర్తింపదని ఎట్లనగలము?

కావున ఈ నవమినాడు ఒక పని చేయుడు. పప్పు కడిగి నానబోయుటకు ఇంటిలోని పిల్లవాడు చాలును, రెండు గంటలలో నానును. బెల్లము తరిగి పానకము కలుపుట ఇంటి పెద్ద చేయవచ్చును. పురుషుడు వంటయింట అడుగిడరాదని నేను చదివిన ఏ స్మృతియందును కనబడలేదు. ఆలయముల పాకశాలలలో మడికట్టుకొని ప్రసాదము చేయువారు పురుషులే గదా. ఆ పూటకు పెరుగన్నము, ఒక పచ్చడి చాలును. స్కాందపురాణము వైశాఖమాస మాహాత్మ్యమున జలదానమును మిక్కిలి కొనియాడినది. వైశాఖమువరకు ఆగక, గుమ్మము చెంత నీడలో ఒక మంచినీళ్ల కుండ నేడే పెట్టుడు. నైవేద్యమైన పిదప ఎండలో వచ్చిన తపాలావానికో, కూరలమ్మెకో ముందుగా పానకమిచ్చి, పిల్లలకు, పెద్దలకు వడ్డించి, తరువాత దంపతులిరువురును కూర్చుండి భుజింపుడు.