గుండెకు రాసిన తలనొప్పి బిళ్ల



మందుల కౌంటరు దగ్గర ఒక తల్లి అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఆమె భర్తకు గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకొని ఇంటికి వెళ్లి రెండు నెలలైంది. చీటీలో ఉన్న ఆస్పిరిన్ తలనొప్పి బిళ్ల అని పక్కింటివారు చెప్పారట. "ఆయనకు తలనొప్పి లేదు గదండీ, పైగా కడుపులో మంట అంటున్నారు, పది రోజులనుంచి మాన్పించేశాం" అన్నారు. దేవునికి స్తోత్రం, ఆయనకు ఏమీ కాలేదు. కానీ ఆ పది రోజులు ఎంత ప్రమాదంలో గడిచాయో ఆ కుటుంబానికి తెలియదు. అందుకే ఈ రోజు ఆ చిన్న బిళ్ల గురించే చెప్పుకుందాం.

జ్వరానికీ నొప్పులకూ విల్లో చెట్టు బెరడు వాడటం చాలా పురాతనమైన అలవాటు. 137వ కీర్తనలో బబులోను నదుల దగ్గర సితారాలు తగిలించిన నిరవంజి చెట్లు మీకు గుర్తుండే ఉంటాయి. పాత ఇంగ్లీషు బైబిలులో అక్కడ ఉన్న మాట విల్లో. అది విల్లో కాదు, అదే కుటుంబంలోని మరో చెట్టు అని కొందరు వృక్షశాస్త్రజ్ఞులు అంటారు, అది వేరే సంగతి.

ఈ బెరడును మొదట ఒక పద్ధతి ప్రకారం పరీక్షించి చూసిన వారిలో ఒకరు దైవసేవకుడే. ఇంగ్లండులోని చిప్పింగ్ నార్టన్‌కు చెందిన రెవరెండ్ ఎడ్వర్డ్ స్టోన్ ఒకసారి విల్లో బెరడు నోట్లో పెట్టుకొని, దాని చేదు చూసి ఆశ్చర్యపోయారు. చలిజ్వరానికి వాడే సింకోనా బెరడు కూడా చేదే గదా అని, దీన్ని ఎండబెట్టి పొడి చేయించి, సుమారు 50 మంది జ్వర రోగులకు ఇచ్చి చూశారు. ఫలితం వివరిస్తూ 1763లో లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశారు. చలిజ్వరాలు తేమ నేలల్లో ఎక్కువ, విల్లో పెరిగేదీ అక్కడే, కాబట్టి రోగం ఉన్నచోటే మందు ఉంటుందని ఆయన వాదన. ఆ వాదన నిలవలేదు గాని, రోగులకు ఇచ్చి, గమనించి, రాసి పంపిన పని నిలిచింది.

తరువాతిది రసాయన శాస్త్రజ్ఞుల కథ. 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ ఆ బెరడునుంచి సాలిసిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశారు. 1838లో ఇటలీకి చెందిన పిరియా దానినుంచి సాలిసిలిక్ ఆమ్లం తీశారు. తరువాత జర్మనీలో కోల్బే కనుగొన్న పద్ధతితో, చెట్టుతో పనిలేకుండా ఫినాల్‌నుంచే ఈ ఆమ్లం తయారు చేయసాగారు. ఇది నొప్పి తగ్గించేది గాని కడుపును బాగా మండించేది. 1897లో బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దానికి ఎసిటైల్ అనే చిన్న భాగాన్ని తగిలించి, శుద్ధమైన ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం తయారుచేశారు. 1899లో ఆస్పిరిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ ఆలోచన తనదేనని సహోద్యోగి ఐఖెన్‌గ్రూన్ 1949లో రాశారు. ఆ తగవు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మీ పిల్లలు బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదువుతుంటే అడగండి, ల్యాబ్‌లో ఈ ప్రయోగం చేసే ఉంటారు. తెల్లని సాలిసిలిక్ ఆమ్లం పొడిని గాజు ఫ్లాస్కులో వేసి, ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్ అనే ఘాటైన ద్రవం పోసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేస్తారు. వేడినీటి పాత్రలో పావుగంట ఉంచి, నీళ్లు కలిపి ఐసులో పెడితే తెల్లని స్ఫటికాలు దిగుతాయి. లెక్క ప్రకారం 138 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లంనుంచి 180 గ్రాముల ఆస్పిరిన్ రావాలి, చేతికి వచ్చేది కొంత తక్కువే. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం కూడా ఇందులో పుడుతుంది. చివర ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వేసి చూస్తారు. ఊదారంగు వస్తే, మారని సాలిసిలిక్ ఆమ్లం ఇంకా మిగిలి ఉన్నట్లు. అలా చేసినది పరీక్షకే గాని మింగడానికి కాదు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. తేమ తగిలితే ఇదే పని వెనక్కి నడుస్తుంది. బిళ్ల విడిపోయి మళ్లీ సాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. కాబట్టి బిళ్లలను ముందే స్ట్రిప్‌లోనుంచి తీసి డబ్బాలో పోసి ఉంచకండి, స్నానాల గదిలో గాని పొయ్యి పక్కన గాని పెట్టకండి. వెనిగర్ వాసన వస్తే ఆ బిళ్లలు వాడవద్దు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. నొప్పినీ జ్వరాన్నీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు శరీరంలో తయారు కాకుండా ఆస్పిరిన్ అడ్డుపడుతుందని 1971లో జాన్ వేన్ చూపించారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలలోనూ ఇలాంటి పనే జరుగుతుంది. బిళ్లలోని ఎసిటైల్ భాగం అక్కడి ఎంజైముకు అతుక్కుపోయి, దాన్ని శాశ్వతంగా పనిచేయకుండా చేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైము చేసుకోలేదు. దాని ఆయుష్షు ఉన్న వారం పదిరోజులూ అది అలాగే ఉంటుంది. అందుకే తలనొప్పికి 300 మిల్లీగ్రాములు లేక అంతకంటే ఎక్కువ కావాలి గాని, గుండెకు రోజూ 75 మిల్లీగ్రాములు చాలు. మందు అదే, మోతాదు వేరు, పని వేరు. రోజూ కొత్త ప్లేట్‌లెట్లు పుడుతుంటాయి గనుక రోజూ వేసుకోవాలి. మానేస్తే కొద్దిరోజుల్లో రక్తం మామూలుగా గడ్డకట్టసాగుతుంది. ఆ గడ్డ కొత్త స్టెంటులో ఏర్పడితే మళ్లీ గుండెపోటే. పన్ను పీకించుకోవాలన్నా, ఆపరేషను అన్నా, ఈ మందు సంగతి అక్కడ చెప్పండి, ఆపాలో వద్దో గుండె డాక్టరుగారే చెప్పాలి.

గుండెపోటు మొదలైన గంటల్లో దీని విలువ 1988లో వెలువడిన ఐసిస్-2 పరీక్షలో తేలింది. 17,187 మంది రోగులతో జరిగిన ఆ పరీక్షలో నెలరోజులు రోజుకు సుమారు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవారిలో, అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు 23 శాతం తగ్గాయి. కాబట్టి ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమచేతికి లాగుతున్న నొప్పి ఉంటే గ్యాస్ అనుకొని సోడా తాగించి కూర్చోకండి. 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే, 300 మిల్లీగ్రాముల మామూలు బిళ్ల నమిలి మింగించమని వారు చెప్పవచ్చు. పైపూత ఉన్న బిళ్ల ఆలస్యంగా కరుగుతుంది, నమిలితేనే మేలు. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోతే మాత్రం ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వనే వద్దు. మెదడులో రక్తం గడ్డకట్టిందో, కారుతోందో స్కానింగు చేస్తేగాని తెలియదు.

గడ్డకట్టనివ్వని మందు రక్తం కారనిస్తుంది కూడా. మలం తారులాగ నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా వెంటనే తీసుకురండి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, అయినా మీరే తీర్పు చెప్పుకోవద్దు. మోకాళ్ల నొప్పులకు షాపులో ఐబుప్రోఫెన్ కొని దీనితో కలిపి వేసుకోవద్దు. ఆస్పిరిన్ పనికి అది అడ్డుపడుతుంది, కడుపులో పుండ్లూ పెరుగుతాయి. కొందరు ఉబ్బసం రోగులకు ఈ బిళ్లతో ఆయాసం వస్తుంది. పిల్లలకు జ్వరమొస్తే, ముఖ్యంగా ఫ్లూ, ఆటలమ్మ అయితే, ఇవ్వకూడదు. అరుదుగానైనా కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రై సిండ్రోమ్ రావచ్చు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఎవరికీ వద్దు, పారాసెటమాల్ చాలు.

ఇది విని, ఏ జబ్బూ లేని మీ నాన్నగారికి కూడా ముందు జాగ్రత్తగా రోజుకొకటి మొదలుపెట్టకండి. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు దానివల్ల మేలు కనపడలేదనీ, రక్తస్రావం పెరిగిందనీ 2018లో వెలువడిన ఆస్‌ప్రీ పరీక్ష చూపింది.

ఆ తల్లిని మేము అప్పుడే డాక్టరుగారి దగ్గరకు పంపాం. ఆయన ఆస్పిరిన్ మళ్లీ మొదలుపెట్టించి, కడుపు మంటకు వేరే మాత్ర రాశారు. ఆమె స్ట్రిప్ వెనుక పెన్నుతో "గుండెకు" అని రాయించుకొని వెళ్లారు. మీకూ కావాలంటే కౌంటరు దగ్గర అడగండి, రాసి ఇస్తాం.