పందుల మీదికి ఏ తుపాకి? ముందు ఉత్తర్వు, తర్వాత బోరు

(విజయవాడలో జరిగిన రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య ఏ ఊరు వెళ్లినా మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "అడవి పందుల మీదికి ఏ తుపాకి మంచిది? 12 బోరా, .315 రైఫిలా?" కృష్ణా లంకల్లో చెరకు, కంద వేసినవాళ్లు అడుగుతున్నారు. మైలవరం, ఎ.కొండూరు వైపు అడవి అంచున మొక్కజొన్న వేసినవాళ్లు అడుగుతున్నారు. కంకి పాలు పోసుకునే వేళకు మంద ఒక్క రాత్రి చేలో దిగిందంటే తిన్నది తక్కువ, తొక్కి పడేసింది ఎక్కువ. తెల్లారేసరికి పంట ఉండదు, కౌలు బాకీ మాత్రం ఉంటుంది. ఆ కడుపుమంటలోంచి వచ్చిన ప్రశ్న ఇది. కాబట్టి సంఘం దాటవేయకుండా జవాబు చెప్పాలి.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పందిని మన ఇష్టానికి చంపకూడదు. చట్టంలో "వేట" అంటే కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, వల పన్నడం కూడా వేటే. అయితే అదే చట్టంలో 11వ సెక్షను ఉంది. నిలిచిన పంటకు ప్రమాదంగా మారిన జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్లో ఉంది కాబట్టి ఈ అనుమతికి అడ్డు లేదు. చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకున్నా, అమ్ముకున్నా మళ్లీ కేసే. 2022 సవరణ తర్వాత మామూలు నేరాలకు కూడా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

తుపాకి లైసెన్సుకు 1959 ఆయుధాల చట్టం ఉంది. దాని 13వ సెక్షనులో పంట రక్షణ అనే మాట స్పష్టంగా రాశారు. నిజంగా పంట కాపలాకే అయితే గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని ఆ సెక్షను చెబుతోంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి బోరు తుపాకికి ఇవ్వవచ్చు. మనం 12 బోరు అంటున్నది ఆ రకమే. పంట కాపలా పేరుతో అందులో రాసింది ఈ రెండే. రైఫిల్ మాట అక్కడ లేదు.

ఇక బోరు సంగతి. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక గుండు పట్టే గొట్టం 12 బోరు. లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టం లోపల మర గాడులుంటాయి, అవి గుండును తిప్పి దూరం పంపుతాయి. .315 అంటే అంగుళంలో వెయ్యింట 315 వంతులు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. .303, 7.62 వంటి సైన్యం బోర్లు మనకు నిషిద్ధం. అందుకే మన దేశంలో మామూలు లైసెన్సు మీద .315 ఎక్కువగా కనిపిస్తుంది.

.22 రైఫిల్ చవక, చప్పుడు తక్కువ అని కొందరు ఆశపడతారు. పందికి అది పనికిరాదు. ముదురు మగపంది భుజం మీద తోలు దళసరిగా ఉంటుంది. చిన్న గుండు గాయం చేస్తుంది గానీ పడగొట్టదు. పిట్టలను కొట్టే సన్న రవ్వల తూటా కూడా అంతే. గాయపడ్డ పంది చెరకులో దూరి, తెల్లారి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషి మీద పడుతుంది. దెబ్బ తగిలితే అక్కడికక్కడే పడాలి. లేదంటే కాల్చకూడదు.

.315 మెత్తని మొన గుండు పందికి సరిపోతుంది, అందులో అనుమానం లేదు. అయితే మన నేల సంగతి మరవకూడదు. కొండవాలు ఉన్నచోట తప్పిన గుండు మట్టిలో దిగుతుంది. డెల్టా బల్లపరుపు. ఇక్కడ తప్పిన రైఫిల్ గుండు కిలోమీటర్లు పోతుంది. చేను దాటితే చేపల చెరువు కాపలా పాక, దాని వెనక కాలువ గట్టు, గట్టు మీద తెల్లవారుజామున పాలకు వెళ్లే మనిషి. వాలుగా తగిలితే గుండు నీటి మీద నుంచి కూడా ఎగిరి పక్కకు పోతుంది. చీకట్లో, చెరువుల మధ్య, నేల మీద నిలబడి రైఫిల్ పేల్చడమంటే ఎవరి ప్రాణం పోతుందో తెలియకుండా పేల్చడమే.

అందుకని మా మాట ఇది. ఉత్తర్వు చేతికొచ్చాక డెల్టా చేలకు 12 బోరే తగినది. తూటా పెద్ద గుళ్లది గానీ, ఒంటి గుండుది గానీ కావాలి. పెద్ద గుళ్లయితే 30 మీటర్ల లోపు, ఒంటి గుండయితే 50 మీటర్ల లోపు. మంచె మీద నుంచి కిందికే పేల్చాలి, తప్పినా గుండు నేలలో దిగుతుంది. లైటు వేసి పంది అని కళ్లారా చూశాకే వేలు మీట మీదికి పోవాలి. చేను కదిలిందని పేల్చకూడదు. ఊళ్లో ముందే చాటింపు వేయాలి. మందు తాగినవాడు మంచె ఎక్కకూడదు. రైఫిల్ అవసరమైన చోట అనుభవమున్న షూటరును అటవీ శాఖే పంపాలి. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతులను కాల్చింది అక్కడి రైతులు కాదు. ప్రభుత్వ అనుమతితో మన హైదరాబాదు నుంచి వెళ్లిన షూటర్లు.

తుపాకి లేదని కరెంటు తీగ లాగేవాళ్లకు ఒక మాట. ఆ తీగకు పంది కంటే ముందు పక్క చేను రైతు, కూలి, గేదె బలవుతున్న వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మనిషి పోతే నరహత్య కేసు. నాటు బాంబులూ, ఉచ్చులూ అంతే. కృష్ణా మడ అడవుల వైపు ఉచ్చులో నీటిపిల్లి పడిందంటే అది మొదటి షెడ్యూలు జంతువు, శిక్ష మూడేళ్లకు తగ్గదు. బ్యాటరీతో ఆగి ఆగి కొట్టే సోలార్ కంచె వేరు, అది చంపదు, బెదిరిస్తుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వరసలు ఒత్తుగా వేయమని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు సిఫారసు చేశారు. తుపాకి కంటే ముందు చేయాల్సిన పనులు ఇవి.

మిత్రులారా, తుపాకి వ్యక్తి కొనుక్కునేది. ఉత్తర్వు సంఘం సాధించుకునేది. డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలు రైతు, పాసు పుస్తకం ఉండేది యజమాని దగ్గర. కాబట్టి లైసెన్సు దరఖాస్తుకైనా, నష్టం దరఖాస్తుకైనా 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రాన్ని ఆధారంగా తీసుకోవాలి. ఎన్నికలొస్తే తుపాకులు స్టేషనులో అప్పజెప్పమంటారు. 2024లో మార్చి నడుమ కోడ్ వచ్చింది, జూన్‌లో లెక్కింపు. మొక్కజొన్న కంకి మీదున్న కాలం అందులోనే పోయింది. అలాంటప్పుడు కాపలా బాధ్యత అటవీ శాఖే తీసుకోవాలి. కేరళ 2022లో పంచాయతీల అధ్యక్షులకే అడవి పందులపై ఉత్తర్వు ఇచ్చే అధికారం అప్పగించింది. రైతు జిల్లా ఆఫీసు చుట్టూ తిరగకుండా ఇక్కడా అలాంటి ఏర్పాటు కావాలి. 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల నష్టాన్ని కూడా ఫసల్ బీమాలో చేర్చుకోవచ్చని కేంద్రం ప్రకటించింది. ఏ జంతువు, ఏ జిల్లా అన్నది రాష్ట్రమే గుర్తించాలి. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోలతో తెలపాలి. అడవి పంది పేరూ, కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల పేర్లూ ఆ జాబితాలో ఎక్కేదాకా మనం ఊరుకోకూడదు.

ఇక్కడి నుంచి వెళ్లాక ప్రతి గ్రామ శాఖ ఒక పుస్తకం పెట్టాలి. ఏ తేదీన, ఏ సర్వే నెంబరులో, ఎంత చేను పోయింది, సాగుదారు ఎవరు అన్నది రాసి, ఫొటో దాచాలి. ఆ పుస్తకం పట్టుకుని అందరం కలిసి రేంజి ఆఫీసరు దగ్గరికి వెళదాం. 11వ సెక్షను కింద ఉత్తర్వు అడుగుదాం. ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసివ్వమందాం.